మారీ తలను పాతిన చోటు

కార్డిఫ్,
15 సెప్టెంబరు 1958

పూజ్యులైన మెయిరిగ్ మామయ్యకు,

అత్తయ్య పోయి పది నెలలు కావస్తోంది. ఈ పది నెలల్లో నేను మీకు రాసినవి రెండే ఉత్తరాలు. ముందుగా అందుకు క్షమించండి.

ఈ ఉత్తరం సగం మేనకోడలిగా, సగం మ్యూజియం ఉద్యోగినిగా రాస్తున్నాను. మన లోయలో కొత్త సంవత్సరం రోజుల్లో ఇంటింటికీ తిరిగే మారీ లూయిడ్ గురించి సమగ్రమైన నమోదు తయారు చేయమని మా శాఖాధిపతి నాకు అప్పగించారు. కర్రకు బిగించిన గుర్రపు పుర్రె, దాని మీద తెల్ల దుప్పటి, దుప్పటి లోపల దవడ టకటకలాడించే మనిషి, గుమ్మం బయట పాడే దళం, లోపలి నుంచి పాటతోనే తిప్పికొట్టే ఇంటివారు: ఇవన్నీ రాసుకున్నాను. ఇంటివారు ఓడితే తలుపు తీయాలన్నదీ రాసుకున్నాను. నాకు కావలసింది మీ దళం సొంత పద్ధతి. ఇంతవరకు తొమ్మిది గ్రామాల కాగితాలు చూశాను. ఒక్క ఏడాది ఆగి, మళ్ళీ బయలుదేరిన దళం వాటిలో ఒక్కటీ లేదు. యుద్ధకాలంలో కూడా ఆగనిది మీదొక్కటే.

ఎనిమిది ప్రశ్నలు వేరే కాగితం మీద జతపరిచాను. కళ్ళకు పెట్టే సీసా గాజు మందమెంత, దవడకు కట్టే తీగ ఎటువంటిది, ఇంటివారు గెలిచేలా ఉంటే దళం దాచుకున్న చివరి పాట ఏది, ఇలాంటివి. ఏడో ప్రశ్న ముఖ్యమైనది. క్రిస్మస్ తరువాత పన్నెండో రోజు పండుగ అయ్యాక తలను సున్నంలో పాతిపెడతారని అమ్మ చెప్పేది. ఎక్కడ పాతుతారు? ఆ చోటు ఎవరెవరికి తెలుసు? క్రిస్మస్‌కు ముందు తవ్వి తీసేటప్పుడు నేను వచ్చి కొలతలు తీసుకోవచ్చునా?

ఎప్పుడైనా దళం ఆగిపోయే పరిస్థితి వస్తే, తలను భద్రపరచడం మా మ్యూజియానికి గౌరవమని కూడా రాయమన్నారు. ఆ వాక్యం వారిది.

మీ మేనకోడలు,
హైల్వెన్

*

కుమ్ హెలిగ్,
24 సెప్టెంబరు

హైల్వెన్ తల్లికి,

ఆ వాక్యం వారిదే కావచ్చు, మా ఇంటికి వచ్చింది మాత్రం నీ దస్తూరీలో. దళం ఆగిపోతుందని నీకెవరు చెప్పారు? ట్రెవోర్ ఏమైనా రాశాడా? దళంలో ముందు నిలబడి పాడేవాడు కదా అని, ఈ మధ్య వాడు ప్రతిదానికీ ముందు నిలబడుతున్నాడు.

నా మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. వానలు ఎప్పటికంటే ఎక్కువ. వాకిట్లో మీ అత్తయ్య మోర్విద్ నాటిన హైడ్రాంజియా పొద గుర్తుందా? ముప్ఫై ఏళ్ళుగా నీలమే పూసింది. ఈ ఏడు గోడవైపు సగం గులాబీ రంగులో పూసింది. మోర్విద్ అలిగినప్పుడు ఇలాగే ఒక చెంప ఎర్రబడేది. పక్కింటి ఆనెస్ట్ వచ్చి చూసి నోరు నొక్కుకుంది.

"ఇది చక్కనివారి పని, మెయిరిగ్. నేల కింద వాళ్ళు గుర్తు పెట్టుకున్నారు. అక్కడ ఇనుము దించావంటే సరస్సు పిల్లను పెళ్ళాడిన రైతుకు పట్టిన గతే నీకూ."

"ఇనుము తగిలి వాడికి పెళ్ళాం పోయింది. నాకు ముందే పోయింది కదా, ఇంకేం పోతుంది?"

"ఉన్న కాస్త బుద్ధీ పోతుంది" అంది. ఆవిడ మాటకు ఎదురు చెప్పి గెలిచినవాడు ఈ వీధిలో లేడు.

నీ ఏడో ప్రశ్నకు జవాబు: పాత సున్నపు బట్టీ వెనకాల. ఇప్పట్లో రావద్దు. దారంతా బురద.

మెయిరిగ్ మామయ్య

*

కార్డిఫ్,
6 అక్టోబరు

మామయ్యకు,

మీ ఉత్తరానికి కృతజ్ఞతలు. అందులో నా ప్రశ్నలకు సంబంధించినది ఒక్క పంక్తి. మిగిలిన భాగాన్ని మా కార్యాలయ పద్ధతి ప్రకారం పెన్సిలుతో కొట్టేసి, కుటుంబ కబుర్ల కింద వేరు చేశాను. మీరు అన్యథా భావించరని తలుస్తాను.

ఆ ఒక్క పంక్తిలోనూ ఒక ఇబ్బంది ఉంది. సున్నపు బట్టీని తొమ్మిదేళ్ళ క్రితం రోడ్డు వెడల్పు చేసినప్పుడు పడగొట్టినట్టు మా పటంలో ఉంది. దాని వెనకాల అంటే ఇప్పుడు రోడ్డు మధ్య అవుతుంది.

సందర్భం వచ్చింది కనుక మరొకటి. సరస్సు పిల్ల ఇనుము తగిలి వెళ్ళిపోయిన పాఠం ఉత్తరాది కొండలది. మన దక్షిణాదిలో ఆమె వెళ్ళిపోయింది భర్త కారణం లేకుండా వేసిన మూడో దెబ్బకు. రెండూ కలిసిపోకుండా నమోదు చేయడం అవసరం.

ఏడో ప్రశ్నకు మళ్ళీ జవాబు రాయగలరా?

హైల్వెన్

*

కుమ్ హెలిగ్,
19 అక్టోబరు

హైల్వెన్‌కు,

ఆ కథ నీకు నేను చెప్పాను. నా ఒళ్ళో కూర్చుని, ఆవిడ పశువులన్నీ ఆవిడ వెంట నీళ్ళలోకి దిగిపోయాయని వినగానే ఏడ్చావు. ఇప్పుడు నాకే దిద్దుబాట్లు పంపుతున్నావు. ఉత్తరాదివాళ్ళకు ఇనుము, మనకు దెబ్బలు అని పంచింది ఎవరు? ఇంట్లోంచి ఆడమనిషి వెళ్ళిపోయాక, ఏ కారణానికి వెళ్ళిపోయిందో నమోదు చేసుకుని మగవాడు ఏం చేసుకుంటాడు?

గనిలో ఉన్నప్పుడు రాతి వెనకనుంచి తట్టి హెచ్చరించే నేల కింది వాళ్ళను నేను రెండుసార్లు విన్నాను. రెండోసారి విన్నప్పుడు మనుషులం పరుగెత్తి బయటపడ్డాం, వెనకాల కప్పు కూలింది. ఎన్నిసార్లు తట్టారు, ఎంత దూరంనుంచి తట్టారు అని ఆగి కొలిచి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడిని కాదు.

మన గుమ్మం ముందుకు వచ్చిన దళం పాట కడుతుంది, లోపలివాడు పాటతో బదులిస్తాడు. నువ్వేమో గుమ్మం బయట నిలబడి కొలబద్ద చూపిస్తున్నావు. దానికి బదులు పాట ఏమిటో మా నాన్న నాకు నేర్పలేదు.

తల ఆపిల్ చెట్టు కింద ఉంది. నేను పొరపాటున బట్టీ అన్నాను. పెరట్లో పని చాలా ఉంది, ఉంటాను. "ఇది బంగాళాదుంపలు వేసే కాలమా?" అని ఆనెస్ట్ గోడ మీదినుంచి అడుగుతోంది. ఆవిడకీ నీకూ ప్రశ్నలు తప్ప వేరే పని లేదు.

మెయిరిగ్

*

కార్డిఫ్,
3 నవంబరు

మామయ్యకు,

శనివారం మధ్యాహ్నం బస్సులో కుమ్ హెలిగ్ వచ్చాను. ముందుగా తెలియజేయకపోవడం నా తప్పే. మీరు డాక్టరు దగ్గరికి వెళ్ళారని ఆనెస్ట్ గారు చెప్పారు. వాకిట్లో అత్తయ్య పొద పక్కన నిలబడి గంటసేపు ఎదురుచూశాను. పూలన్నీ వాడి గోధుమరంగుకు తిరిగాయి. అక్కడినుంచి పెరడంతా కనబడుతుంది. ఆపిల్ చెట్టు చుట్టూ, కోళ్ళగూటి పక్కన, బావి గట్టున గోతులున్నాయి. కొన్నిటిని పూడ్చి, పైన గడ్డి పరిచారు.

బస్సు దగ్గర ట్రెవోర్ గారు కలిశారు. తల ఎక్కడుందని అడిగాను.

"నాకైతే పందుల దొడ్డి దగ్గర అన్నాడు. నువ్వు మాత్రం ఆ మాట ఎత్తకమ్మా. ఎత్తినవాణ్ణల్లా మీ మామయ్య వెనక కాళ్ళతో తంతున్నాడు" అన్నారు.

బట్టీ, ఆపిల్ చెట్టు, పందుల దొడ్డి. మూడు చోట్లు, ఒకే తల. నేను చేరలేని చోటు చూసి మీరు దాన్ని మార్చి మార్చి దాస్తున్నారని మాత్రమే దీన్నిబట్టి అర్థం చేసుకోగలను. చెప్పడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయండి, ఆ గడిలో అలాగే రాసుకుంటాను. తప్పుడు జవాబు మాత్రం రాయకండి. ఖాళీ గడి ఎవరికీ హాని చేయదు. తప్పుగా నింపిన గడిని నా తరువాతివారు నిజమని నమ్ముతారు.

ఈ వాక్యాలు కఠినంగా ఉన్నాయని తెలుసు. మూడుసార్లు తిరగరాశాను, ఇంతకంటే మెత్తబడలేదు.

హైల్వెన్

*

కుమ్ హెలిగ్,
12 నవంబరు

హైల్వెన్‌కు,

నా పెరడు నీ మ్యూజియం కాదు, గోతులు లెక్కపెట్టుకోవడానికి.

మీ గాజు పెట్టె ముందే సిద్ధమై ఉంటుంది. లోపల చిన్న కాగితం కూడా అంటించి ఉంటారు, ఫలానా లోయలో ఫలానా సంవత్సరం వరకు ఉండేది అని. ఆ సంవత్సరం ఏదో వేసుకోవడానికే నువ్వు ఇన్ని ఉత్తరాలు రాస్తున్నావని నాకు ఇప్పుడు తెలిసింది.

నీకు సంతోషం కలిగించే కబురు ఒకటి రాస్తాను. ట్రెవోర్ వడ్రంగికి చెప్పి చెక్కతో గుర్రం తల చేయిస్తున్నాడు. దవడకు బందు కూడా ఉంటుందట. "ఏదో ఒకటి బయలుదేరాలి కదా, మెయిరిగ్" అన్నాడు. ఎముక తల వస్తే ఇంట్లోవాళ్ళు భయపడి, నవ్వి, తలుపు తీస్తారు. బల్ల వస్తే ఎవరు తీస్తారు? ఆ బల్ల వెనకాల నేను నడవను.

ఇక రాయకు.

మెయిరిగ్

*

కార్డిఫ్,
20 నవంబరు

మామయ్యా,

రాయవద్దన్నారు. ఇది ఒక్కటి రాసి ఆగుతాను.

తలను మ్యూజియానికి తేవాలని నేను ఒక్కనాడూ అనుకోలేదు. శాఖాధిపతి వాక్యాన్ని మొదటి ఉత్తరంలో చేర్చకుండా ఉండవలసింది. అది వెనక్కు తీసుకుంటున్నట్టు వారిచేత సంతకం పెట్టించిన కాగితం ఇందులో ఉంది. ఆ తల మీ వాకిట్లోనుంచి బయలుదేరి నడుస్తుంటేనే నా నమోదుకు అర్థం. నడవని గుర్రం కొలతలు నాకు అక్కర్లేదు.

ఎనిమిది ప్రశ్నల కాగితాన్ని పక్కన పెట్టండి. మ్యూజియం ఉద్యోగినిగా కాదు, మీ ఒళ్ళో ఏడ్చిన పిల్లగా ఒక్కటే అడుగుతున్నాను. ఆ శనివారం గోతులు చూసి మీరు దాస్తున్నారనుకున్నాను. దాచేవాడు ఒక గొయ్యి తవ్వుతాడు, పది తవ్వడని ఆ తరువాత తోచింది.

మామయ్యా, తల ఎక్కడుందో మీకు తెలుసా?

హైల్వెన్

*

కుమ్ హెలిగ్,
30 నవంబరు

తల్లీ,

తెలియదు.

ఈ ఒక్క మాట రాయడానికి పది రోజులు పట్టింది. మిగతాది తేలికే.

మా దళంలో పాతేవాడు ఒంటరిగా వెళ్తాడు. ఎవరికీ చెప్పడు. చోటు నలుగురికీ తెలిస్తే అది వట్టి ఎముక అయిపోతుందని మా నాన్న అనేవాడు. ఆయన తరువాత నలభై చలికాలాలు నేనే పాతాను, నేనే తీశాను. ఒక్కసారీ తడుముకోలేదు. మొన్న జనవరిలో మాత్రం మోర్విద్ పోయి రెండు నెలలు. ఒంట్లో జ్వరం. సున్నం బకెట్టు ఎత్తుకోవడం గుర్తుంది. తిరిగి వచ్చి చేతులు కడుక్కోవడం గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు, తుడిచిన పలకలా ఉంది. ఆగస్టులో ఒకరోజు ఊరికే తలుచుకుందామని కూర్చుంటే ఆ సంగతి తెలిసింది.

నువ్వు చోటు అడిగినప్పుడల్లా, ఇక్కడ ఉండవచ్చు అనుకున్న చోటు రాశాను. రాసి, వెళ్ళి తవ్వాను; బట్టీ దగ్గర మాత్రం రోడ్డు చూసి తిరిగి వచ్చాను. అబద్ధం చెప్పాలని కాదు. పదకొండు గోతులయ్యాయి. దొరికినవి ఒక బూటు, మీ అమ్మ చిన్నప్పటి బొమ్మ చెయ్యి. ఇక మిగిలింది వాకిలి. వాకిట్లో పొద జోలికి ఆనెస్ట్ పోనివ్వదు, చక్కనివారి గుర్తు మీద పార దించితే ఊరుకోరంటుంది. నిజం చెప్పాలంటే నాకూ చెయ్యి రాదు. అది మోర్విద్ మొక్క. బతికినన్నాళ్ళూ ఆవిడ ఆ తలను గడప తొక్కనివ్వలేదు, చర్చికి వెళ్ళే ఇంట్లో చచ్చిన గుర్రమేమిటని. దాన్ని ఆవిడ పూల కింద ఎందుకు పెడతాను?

చెక్క తల క్రిస్మస్ మర్నాటికి సిద్ధమవుతుందట. నీ కాగితంలో నిజమే రాసుకో. తొమ్మిది ఊళ్ళ కింద పదో ఊరు. ఎవరివల్ల ఆగిందో కూడా రాయి.

మెయిరిగ్ మామయ్య

*

కార్డిఫ్,
6 డిసెంబరు

మామయ్యా,

ఏడో ప్రశ్నకు మీరు సెప్టెంబరు 24వ తేదీనే జవాబు రాశారు. నేనే దాన్ని పెన్సిలుతో కొట్టేశాను.

హైడ్రాంజియా పువ్వుకు తనదంటూ రంగు లేదు. మన బొగ్గు కొండల పులుపు నేలలో అది నీలంగా పూస్తుంది. అదే పొద వేళ్ళకు సున్నం తగిలితే ఆ వైపు గులాబీ రంగుకు తిరుగుతుంది. మా తోటమాలిని కూడా అడిగి రూఢి చేసుకున్నాను. ముప్ఫై ఏళ్ళు నీలంగా పూసిన పొద ఒక్క ఏడాదిలో, ఒక్క వైపే రంగు మారిందంటే, గోడవైపు ఎవరో జనవరిలో సున్నం పోశారన్నమాట. ఆనెస్ట్ గారు గుర్తును సరిగానే చూశారు. అది పెట్టింది మీరు.

ఆవిడ మాట కాదనవద్దు. ఇనుము దించవద్దు. అత్తయ్య రొట్టెలు పొయ్యిలోకి తోసే చెక్క పార ఉండాలి, తలుపు వెనక చూడండి. దానితో గోడకూ పొదకూ మధ్య, వేళ్ళకు దెబ్బ తగలకుండా నెమ్మదిగా తీయండి. చేతులకు తొడుగులు వేసుకోండి, సున్నం ఇంకా కాల్చవచ్చు. పొద ఈ కాలంలో నిద్రలో ఉంటుంది. నా లెక్క తప్పయినా దానికి నష్టం లేదు.

గంటసేపు నేను ఆ చోటు మీదే నిలబడి మిమ్మల్ని తిట్టుకున్నాను. అందుకు ఎలా క్షమాపణ చెప్పాలో తెలియడం లేదు.

దొరికినా, దొరకకపోయినా వెంటనే రాయండి.

హైల్వెన్

*

కుమ్ హెలిగ్,
15 డిసెంబరు

హైల్వెన్ తల్లికి,

మూరెడు లోతున మట్టి తెల్లబడింది. ఆ తరువాత పారతో కాదు, చేతులతో తీశాను. పళ్ళతో సహా చెక్కుచెదరకుండా ఉంది, పింగాణీలా తెల్లగా.

ఆనెస్ట్ గోడకు అటువైపు నిలబడి మొత్తం చూసింది. "అక్కడేదో ఉందని మొదట చెప్పిందెవరు?" అంది. రేపటినుంచి వీధి అంతా ఇదే వినాలి. ట్రెవోర్ వచ్చి టోపీ తీశాడు, మనిషి పోయినప్పుడు తీసినట్టు కాదు, వచ్చినప్పుడు తీసినట్టు. సగం చెక్కిన చెక్క తలను వాళ్ళ కోళ్ళకు ఇచ్చేశాడు, అవి దానిమీద ఎక్కి కూర్చుంటున్నాయట.

తల చేతిలోకి రాగానే మధ్యలో తుడిచిపోయినది కొంచెం తిరిగి వచ్చింది. ఆ రోజు పెరట్లోకి వెళ్ళబోయి ఆగాను. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఆవిడకు నచ్చనిదాన్నయినా సరే, ఏదో ఒకటి ఆవిడ వైపు పెడితే లేచి వచ్చి ఒక మాట అంటుందనిపించింది. అందుకే పెట్టాను. ఎండాకాలంలో ఆవిడ పూలతో అన్నది. నాకే అర్థం కాలేదు.

ఇక నీ కాగితం. గాజు పచ్చ బీరు సీసా అడుగుది, మందం నీ చిటికెన వేలి గోరంత. తీగ గని దీపం పిడిది, మా నాన్న పెట్టిందే. రిబ్బన్లు మీ అత్తయ్య పెళ్ళినాటివి, దొంగిలించాను, ఆవిడకు తెలుసు. మిగతావి తల పక్కన కూర్చుని ఒక్కొక్కటే చెప్తాను. చివరి పాట మాత్రం రాయను. కొత్త సంవత్సరానికి వచ్చి ఆనెస్ట్ ఇంట్లో లోపలివైపు నిలబడు. చేతనైతే తిప్పికొట్టు.

ఏడో ప్రశ్న. నా బుర్రకు ఇంక దాన్ని అప్పగించలేను. పన్నెండో రోజు అయ్యాక బకెట్టు నువ్వు పట్టుకో. నేను గోడవైపు తిరిగి నిలబడతాను. తిరిగి చూడను.

మెయిరిగ్ మామయ్య

*

కార్డిఫ్,
9 జనవరి 1959

మామయ్యకు,

క్షేమంగా చేరాను. నా గొంతు మాత్రం ఇంకా చేరలేదు. ఆనెస్ట్ గారి గుమ్మం లోపల నాలుగు పాటలవరకు నిలబడగలిగాను. ఐదోదానికి ఆవిడే నన్ను పక్కకు తోసి, "ఇక తీయవే తల్లీ, బయట ముసలాళ్ళు గడ్డకట్టిపోతారు" అని గడియ తీసిన సంగతి నమోదులో చేర్చాను. చివరి పాట విన్నాను. రాసుకోలేదు.

గోడవైపు తిరిగి నిలబడతానని మాట ఇచ్చారు. రెండుసార్లు తల తిప్పబోయి దగ్గారు. ఆ దగ్గును నేను నమ్మలేదు.

ఏడో గడిలో ఇలా రాశాను: "చోటు ఒకరికి తెలుసు." ఇది జవాబు కాదని శాఖాధిపతి అన్నారు. ఆ దళం పద్ధతి ప్రకారం ఇదే పూర్తి జవాబని చెప్పాను. సంతకం పెట్టారు.

చెక్క పార కడిగి తలుపు వెనకే పెట్టాను. వేసవిలో మీ వాకిట్లో, పెరట్లో, ఆనెస్ట్ గారి గోడ పక్కన ఏ మొక్క ఏ వైపు ఏ రంగులో పూసిందో వివరంగా రాయండి. ఒక్క పంక్తి కూడా కొట్టేయను. నాకూ ఒకనాడు మరుపు రావచ్చు.

మీ
హైల్వెన్